నీళ్ళు మోసేవాడి పక్షం పట్టిన సన్యాసి మావ

మైలపల్లి సన్యాసి మావ ఇక లేడు. ఈ మార్గశిరంలో, ఒక గురువారం ఉదయం, మెయిలు బండి వచ్చి వెళ్ళిన కాసేపటికి, చీపురుపల్లి స్టేషను రోడ్డులో తన ఇంటి అరుగు మీద ఎండ కాగుతూ పడుకున్నవాడు పడుకున్నట్టే ప్రాణం విడిచాడు. ఇలాంటి చోట ‘దివంగతులయ్యారు’ అని రాయాలని గ్రంథాలయం పంతులుగారు చెప్పారు. రాయడానికి నాకేం అభ్యంతరం లేదు. కాని ఆ మాట కాగితం మీద పెట్టి చూస్తే ఎవరో జమీందారుగారు పోయినట్టుంది తప్ప, ముప్పై ఏళ్ళుగా మన సైకిలు చక్రాలకు బెండు తీసిన మనిషి పోయినట్టు లేదు. పైగా ఆరో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి, అంత పెద్ద మాట ఎత్తుకుంటే దించడం నాకు చేతకాదు.

ఆ కబురు నాకు తెచ్చినవాడు స్టేషను పోర్టరు దాలినాయుడు. నేను మావ సైకిలు షాపులో ఎవరిదో వెనక చక్రం విప్పుకొని కూర్చున్నాను. వాడు వచ్చి తలపాగా తీసి చేత్తో పట్టుకొని, “ఒరే అప్పన్నా, మావ ఎల్లిపోనాడ్రా” అన్నాడు.

“ఏ బండికి? టిక్కెట్టు నివ్వే కోసినావేటి?” అన్నాను నేను.

వాడు ఒకటంటే నేను ఒకటనడం ఇరవై ఏళ్ళ అలవాటు. ఈ నోరు మెదడుని అడిగి కదిలే నోరు కాదు. దాలినాయుడు నవ్వలేదు. తలపాగా మళ్ళీ కట్టుకోనూ లేదు. అప్పటికి గాని నాకు తెలియలేదు. తెలిసిన తరవాత ఆ చక్రం పుల్లలు ఎక్కడివి అక్కడ వదిలేసి లేచాను. ఆ సైకిలు తాలూకు ఆసామి మూడు రోజులు నడిచి తిరిగాడు, ఒక్క మాట అనలేదు. మావంటే ఊరికి ఉన్న గౌరవానికి ఇంతకంటే సాక్ష్యం నేను చూపించలేను.

ఇప్పుడు ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. సన్యాసిని చంపింది గుండెజబ్బు కాదు, అప్పన్న చూపించిన కాగితం అని. అన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు. కోపం తెచ్చుకునే ఓపికా లేదు. పన్నెండు రోజులుగా ఆ ప్రశ్న నేనే వేసుకొని అలిసిపోయాను. పంతులుగారు గ్రంథాలయం సంచికకి మావ గురించి నాలుగు మాటలు రాయమంటే అందుకే ఒప్పుకున్నాను. ఆయన మహనీయత నలుగురికీ తెలియాలన్నది ఒక కారణం. ఆ కాగితం సంగతి నా నోటితోనే తెలియాలన్నది రెండో కారణం.

మావ నాకు చుట్టరికపు మావ కాదు, ఊరందరికీ మావే. సముద్రం ఒడ్డున పల్లెలో పుట్టాడు. వలలో కాలు చిక్కుకొని తండ్రి పోయిన తరవాత పడవెక్కనని తల్లికి మాటిచ్చాడట. పడవ లేని పల్లెవాడికి మిగిలేది చేపలు మోయడమే. పన్నెండేళ్ళు సైకిలు వెనక గంప కట్టుకొని, తెల్లవారగట్ల ఒడ్డున బయలుదేరి, పాతిక మైళ్ళు తొక్కి, ఎండ ముదిరేలోగా చీపురుపల్లి సంతలో దించేవాడు. ఎండకీ చేపకీ మధ్య రోజూ జరిగే పందెం అది. ఆ రోజుల్లో ఆయనతో తొక్కినవాళ్ళు చెప్పగా విన్నాను. గుంపులో ఎవరికి పంచరైనా సన్యాసి ఆగేవాడట. తన గంపలో చేప మెత్తబడుతున్నా సరే, అవతలివాడి ట్యూబు అతికి, గాలి కొట్టి, ఎక్కించి, అప్పుడు తాను ఎక్కేవాడట. అలా ఆగి ఆగి సంతకి ఎప్పుడూ ఆఖరునే చేరేవాడు. చివరికి, “ఎలాగూ ఆగతన్నాను గదా, ఆగిన కాడే కూకుంటాను” అని స్టేషను రోడ్డులో సైకిలు షాపు పెట్టేశాడు. ఈ మాట చెప్పి తానే నవ్వేవాడు.

అజాతశత్రువు అని రాయండి అన్నారు పంతులుగారు. రాయలేను. దీపం లేదని సైకిళ్ళు పట్టుకునే ఒక పోలీసు జమేదారుతో మావకి పదేళ్ళు మాటల్లేవు. అయితే ఆ జమేదారు సైకిలు చెడిపోతే బాగుచేసేది కూడా మావే. మాటలు మాత్రం నా ద్వారా నడిచేవి. “బ్రేకు కట్టలు అరిగిపోనాయని ఆ మనిసికి సెప్పు” అని మావ, “రేపటికి కావాలని ఆ మనిషికి చెప్పు” అని జమేదారు. ఇద్దరి మధ్యా రెండు మూరల దూరం కూడా ఉండేది కాదు. ఆ జమేదారు బదిలీ అయి వెళ్ళేనాడు సైకిలు తెచ్చి నిలబెట్టి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. మావ ఆ బండిని నట్టు నట్టూ విప్పి, తుడిచి, నూనె పెట్టి, కొత్త బండిలా బిగించి రైలెక్కించాడు. కోపాన్నీ పనినీ ఒకచోట కలపని మనిషి అని నేను రాస్తాను. అజాతశత్రువు కంటే అదే పెద్ద బిరుదు అనుకుంటున్నాను.

ఇక ఆ కాగితాల కథ. పదేళ్ళ కిందట మన పక్కన మాంగనీసు కొలిమి కట్టడానికి ఒక ఫ్రెంచి ఇంజనీరు వచ్చాడు. ఆయన సైకిలు ముందు చక్రం వంకర పోతే మావ దగ్గరికి తెచ్చాడు. మావ చక్రాన్ని తిప్పి, పుల్లల్ని వేలితో మీటి, ఆ చప్పుడు వింటూ బెండు తీస్తుంటే దొర అలాగే నిలబడిపోయాడు. మరునాడు వాళ్ళ దేశపు క్రీడల కాగితం ఒకటి తెచ్చి చూపించాడు. వాళ్ళ దేశంలో ఏటా వేసవిలో ఒక సైకిలు పందెం జరుగుతుందట. మూడు వారాలకు పైగా తొక్కుతారు. ఇవాళ ఈ ఊరి నుంచి ఆ ఊరు, రేపు ఆ ఊరి నుంచి ఇంకో ఊరు, మధ్యలో మంచు కొండలు, చివరికి పారిస్ పట్నం. దొర ఇంగ్లీషులో చెబుతుంటే పంతులుగారు తెలుగు చేశారు.

బొమ్మలో ముందు ఒక వీరుడు పళ్ళు బిగించి తొక్కుతున్నాడు. మావ వాణ్ణి చూడలేదు. వెనక మూలన, చొక్కా జేబుల నిండా, మెడ దగ్గరా సీసాలు కుక్కుకొని వస్తున్న ఇంకొకణ్ణి చూశాడు.

“ఈడేటి, పెల్లోరికి నీలు మోస్తన్నాడా?”

అవునట. ప్రతి జట్టులోనూ నాయకుడు ఒకడు, అతని కోసం తొక్కేవాళ్ళు కొందరు. నాయకుడికి దాహమైతే వీళ్ళు వెనక్కి పోయి సీసాలు తెస్తారు. నాయకుడి చక్రం చెడితే తమ చక్రం విప్పి ఇస్తారు. గెలిచేది ఆయన, పేరు ఆయనది.

మావ ఆ బొమ్మని కాసేపు చూశాడు. “అయితే ఈడే నావోడు” అన్నాడు. వాడి పేరు దొర చెప్పాడు గాని మాకు నోరు తిరగలేదు. అప్పటి నుంచి మాకు వాడు నీళ్ళవాడు, మావకి ‘నీలోడు’.

దొర పని ముగించుకొని దేశం వెళ్ళిపోయినా మావని మరచిపోలేదు. ఏటా పందెం అవగానే ఆ రోజుల కాగితాలన్నీ ఒక కట్ట కట్టి ఓడ తపాలాలో పంపేవాడు. అక్కడ ఆషాఢంలో ముగిసిన పందెం మా షాపు ముందు ఆశ్వయుజంలో మొదలయ్యేది. లోకానికంతా తెలిసిన ఫలితం మా నలుగురికీ తెలియదు. తెలుసుకోవడానికి క్షణం పట్టదు, కట్ట అడుగున ఉన్న కాగితం లాగితే చాలు. కాని మావ ఒక కట్టడి పెట్టాడు. రోజుకి ఒక్క కాగితం. సాయంత్రం షాపు సర్దే ముందు పనిముట్ల పెట్టె తాళం తీసి, ఆ నాటిది ఒక్కటి పైకి తీసేవాడు. రేపటిది ముట్టుకోవడానికి వీల్లేదు.

“అది ఎప్పుడో అయిపోయిన పందెం మావా, ఏటీ దాపరికం?” అని మొదటి ఏడు నేను వేళాకోళం చేశాను.

“ఆడు ఇంకా కొండెక్కతన్నాడు గదరా. మనం ముందే అవతల దిగిపోయి కూకుంటే మర్యాదేటి?” అన్నాడు మావ.

చదివేవాణ్ణి నేనే. ఫ్రెంచి మాలో ఎవరికీ రాదు. పంతులుగారికి ఇంగ్లీషు వచ్చు గనక ఫ్రెంచి తప్పు చదవడానికి మొహమాటం. నాకు ఏదీ రాదు గనక మొహమాటం లేదు. అక్షరాలు కూడబలుక్కొని పేర్లు చదివేవాణ్ణి. ఎవరు ఎన్నో స్థానంలో వచ్చారో చివరివాడి దాకా జాబితా ఉండేది. జాబితా అడుగున పందెం నుంచి తప్పుకున్నవాళ్ళ పేర్లు చిన్న అక్షరాల్లో వేస్తారని దొర నేర్పి వెళ్ళాడు. మిగతా అంకెలూ బొమ్మలూ చూసి, మధ్యలో ఖాళీలుంటే నేను పూడ్చేవాణ్ణి. దాలినాయుడు ఎప్పుడూ గెలిచేవాడి పక్షం. పంతులుగారు అందగాడి పక్షం. నేను పక్షం మారుస్తూ ఉంటానని నన్ను ఏ పక్షంలోనూ చేర్చుకోలేదు. ఎవరి మనిషి ఆ రోజు వెనకబడితే వాళ్ళు మర్నాడు పొద్దుట షాపుకి వచ్చే బళ్ళకి గాలి కొట్టాలి. పంతులుగారు పంచె ఎగ్గట్టి పంపు మీద ఒంగుతుంటే బడిపిల్లలు కావాలని టైర్లలో గాలి తీసి తెచ్చేవారు.

ఒక ఏడు పంతులుగారు విశాఖపట్నం వెళ్ళి, అక్కడ ఏదో పఠనమందిరంలో పాత పేపరు తిరగేసి గెలిచినవాడి పేరు తెలుసుకొని వచ్చారు. నోరు విప్పలేదు పాపం. వచ్చి బల్ల మీద కూర్చున్నారంతే. మావ ఆయన వంక చూసి, “పంతులూ, మీ మొకంలో పారీసు అగుపిస్తన్నాది. పందెం అయినదాకా ఇటు రాకండి” అన్నాడు. ఆయన పదకొండు రోజులు రాలేదు. ఎదుటి కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి మా వంక చూసేవారు. దాలినాయుడికి జాలేసి ఒకనాడు పిలుద్దామంటే, “రానీ గానీ, మొకం మీద తువ్వాలు కప్పుకొని కూకోమను” అన్నాడు మావ.

ఏళ్ళ తరబడి నీళ్ళవాడు ఎప్పుడూ అరవైకి అటూ ఇటూ వచ్చేవాడు. ఒక్కనాడూ ముందుకి రాలేదు. ఒక్క ఏడూ మధ్యలో దిగలేదు. వాడి పేరు వెతకడానికి నా వేలు జాబితాలో కిందికి కిందికి పోతుంటే మావ నా వేలినే చూసేవాడు. దొరికాక, “ఉన్నాడా?” అనేవాడు. “ఉన్నాడు మావా.” అంతటితో ఆయన పందెం ఆ రోజుకి అయిపోయినట్టే. ఎవరు గెలిచారో విన్నాడో లేదో నాకు అనుమానమే. ఒకసారి దాలినాయుడు ఎగతాళి చేశాడు: “ఏటి మావా, ఎదవ బేరం! నీవోడు జన్మలో గెలవడు.” మావ చైనుకి నూనె పెడుతూ, “ముందెల్లీవోడికి గాలి తగల్తాది, ఎనకొచ్చీవోడికి దుమ్ము తగల్తాది. రెండూ కాసీవోడు ఒకడుండాల గదరా” అన్నాడు. దాలినాయుడు ఆ మాట ఇప్పటికీ రైలు దిగినవాళ్ళకి మూటలెత్తుతూ అంటుంటాడు, తనదే అన్నట్టు.

ఈ ఏడు ఆశ్వయుజం వచ్చింది, కట్ట రాలేదు. కార్తీకం వచ్చింది, రాలేదు. యుద్ధం వచ్చి సూయజు కాలువ మూసేయడం వల్ల ఓడలు ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి వస్తున్నాయని పంతులుగారు చెప్పారు. “ఎక్కడో ఆలు ఆలు కొట్టుకుంటే మన కాగితాలకేటొచ్చింది?” అని దాలినాయుడు బాధపడ్డాడు. ఈలోగా మావ కాళ్ళు వాచాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. డాక్టరుగారు చూసి, గుండె బలహీనపడిందనీ, మంచం దిగవద్దనీ, మనసు కష్టపెట్టే మాటలేవీ చెవిన వేయవద్దనీ చెప్పి, బయటికి వచ్చాక మాతో ఎక్కువ రోజులు లేవన్నారు. మార్గశిరం మొదట్లో కట్ట వచ్చింది. ఇరవై రెండు కాగితాలు.

“రోజుకి రెండేసి సదివీమంటావా మావా?” అని అడిగాను. నా లెక్క నాకుంది.

“ఆడు రోజుకి రెండు రోజులు తొక్కతాడేట్రా?” అన్నాడు.

అరుగు మీద మంచం, మంచం పక్కన నేను, సాయంత్రం అయితే మిగతా ఇద్దరూ. తొమ్మిదో కాగితం నాడు మావ భార్య పైడమ్మ అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. పిల్లలు లేని ఇల్లు అది. ఆవిడకి మావ ఒక్కడే.

“ఒరే అప్పన్నా, ఆ ఆకరి కాగితం ఓపాలి సూడరా.”

“తప్పత్తా. మావకి తెలిస్తే నన్ను కిళ్ళీకొట్టు కాడ నిలబెడతాడు.”

“నవ్వులాట కాదురా. నిన్న నాతోటి ఏటన్నాడో తెలుసా? ‘ఆ నీలోడు ఊరు సేరీదాకా నానెక్కడికీ ఎల్లనే’ అన్నాడు. ఆడు సేరినాడో లేదో నాకు తెలవాల.”

మావ మంచాన పడ్డాడు గనక ఈ ఏడు కట్ట నా దగ్గరే ఉంది. ఇంటికి వెళ్ళి, తలుపు వేసుకొని, ఆఖరి కాగితం తీశాను. వేలు కిందికి పోయింది, ఇంకా కిందికి పోయింది, జాబితా అయిపోయింది. వాడు లేడు. వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాను. పద్నాలుగో కాగితంలో దొరికాడు, అడుగున, చిన్న అక్షరాల్లో. లోపలి పేజీలో బొమ్మ కూడా ఉంది. చెప్పాను అత్తకి. ఆవిడ చీపురు చేత్తో పట్టుకొని అలా నిలబడి, “అయితే నివ్వే తొక్కించు” అంది.

తొక్కించాను. పద్నాలుగో నాడు బొమ్మ ఉన్న పేజీ తీసేసి చదివాను. వాడికి అరవై ఒకటో స్థానం ఇచ్చాను. “ఇయాల బొమ్మ లేదేటి?” అంటే, “కొండ మీద వాన మావా, కెమేరా తడిసిపోనాదంట” అన్నాను. మావ “ఉన్నాడు గదా” అని కళ్ళు మూసుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే నేను నేనెందుకవుతాను? పదిహేనో నాడు యాభై రెండు చేశాను. ఆ రోజు మావ గంజి పూర్తిగా తాగాడు. పదహారో నాడు ముప్పై. ఆ రోజు లేచి కూర్చున్నాడు. పదిహేడో నాడు ఇక పట్టపగ్గాలు లేవు. పెద్ద కొండ, ఎండకి తారు కరిగి టైర్లకి అంటుకుంటోంది, నాయకులందరూ నాలికలు వేలాడేస్తే మన నీళ్ళవాడు ఒక్కొక్కణ్ణే దాటి మూడోవాడుగా వచ్చేశాడు. దాలినాయుడు నిజమనుకొని ఈల వేశాడు. వంటింట్లో అత్త పప్పు రుబ్బడం ఆపి విన్నది. మర్నాడు డాక్టరుగారు వచ్చి కాళ్ళు నొక్కి చూసి, వాపు తగ్గిందన్నారు. నేను మనసులో నీళ్ళవాణ్ణి రెండో స్థానంలోకి తేవడానికి ఏర్పాట్లు చేస్తున్నాను.

ఆ మధ్యాహ్నమే మావ కబురు పంపాడు. వెళ్ళేసరికి ఒక్కడే ఉన్నాడు.

“ఒరే అప్పన్నా, నీలోడు మూడోవోడుగా వచ్చినాడన్నావు.”

“వచ్చినాడు మావా. అచ్చులో ఉన్నాది.”

“మరి ఆడి జట్టోలికి నీలెవులు తెచ్చినారు?”

ఇరవై ఏళ్ళుగా ఎవరేమన్నా తడుముకోని నోరు తడుముకుంది. “నిన్న వాన మావా. ఎవులికీ దాహం ఎయ్యలేదు.”

“తారు కరిగిపోనాదన్నావు.”

  మావ నా వంక చూడకుండా అడిగాడు: “ఎప్పుడు దిగిపోనాడ్రా?”

“పద్నాలుగో నాడు మావా.”

“అంటే నాలుగు రోజుల్నించి ఆడ్ని నివ్వే తొక్కిస్తన్నావు.”

“అవును మావా.”

“అలిసిపోయుంటాడ్రా. దించీ.”

కోప్పడితే బాగుండేది. పానా విసిరితే ఇంకా బాగుండేది, షాపులో అలవాటే. దించీ అని అంత నెమ్మదిగా అంటే ఏం చెయ్యను? అప్పుడు కూడా అబద్ధం ఆడడానికి దారులున్నాయి. డాక్టరుగారి మాట ఉంది, అత్త మాట ఉంది. కాని ఆ మొహం చూస్తే తెలిసింది. ఆయన నన్ను అడగడం లేదు, పని చెబుతున్నాడు. గురువు పని చెబితే శిష్యుడు చెయ్యాలి. ఇంటికి పోయి దాచిన పేజీ తెచ్చి చేతిలో పెట్టాను.

మావ కళ్ళజోడు పెట్టుకొని, పేజీని ఎండ వైపు తిప్పుకొని చాలాసేపు చూశాడు. దారి పక్కన రాయి మీద నీళ్ళవాడు కూర్చొని ఉన్నాడు. ఒక కాలికి జోడు లేదు. తల వంచుకొని ఉన్నాడు. పక్కన గోడకి సైకిలు ఆనించి ఉంది. కింద ఏదో రాసి ఉంది. అది నేను చదవలేను.

“నివ్వు సదవక్కర్లేదు, నాను సదువుతాను” అన్నాడు మావ. వేలు పెట్టి చూపించాడు. “ముందు సక్రం సూడు. పుల్లలు తెగలేదు. రిమ్ము వొంగలేదు. సైను జారలేదు. ఎనక సక్రంలో గాలున్నాది. బండి సుబ్బరంగా ఉన్నాదిరా. మనిసే అయిపోనాడు.”

నేను తల వంచుకున్నాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు.

“సూసినావా? జేబులు ఖాళీ. బండి మీద కూడా సీసాల్లేవు. దిగీముందు అన్నీ ఇచ్చీసినాడు.” కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. “మంచోడు.”

పేజీ నాకిచ్చేసి, అత్తని పిలిచి, కాళ్ళ మీద దుప్పటి కప్పమని, పడుకున్నాడు. నేను దాలినాయుడికీ పంతులుగారికీ ఆ సాయంత్రం రావద్దని, ఎందుకో కూడా చెప్పాను. మర్నాడు ఉదయం దాలినాయుడు నా దగ్గరికి తలపాగా చేత్తో పట్టుకొని వచ్చిన సంగతి ముందే రాశాను.

ఇదీ ఆ కాగితం కథ. అబద్ధం చెబుతున్నన్నాళ్ళూ ఆయన గంజి తాగాడు, వాపు తగ్గింది. నిజం చూపించిన మర్నాడు పోయాడు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే ఊరు అంటున్నమాటే వస్తుంది. దాలినాయుడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అత్త దగ్గరికి వెళ్ళి, “అత్తా, నానే సంపేసినానా?” అని అడిగేశాను. ఆవిడ బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. “నెలై మీ మావ పక్కమీద దొర్లీవోడే గానీ పడుకోలేదురా. ఆ రేత్రి పడుకున్నాడు. గురక కూడా ఎట్టినాడు. నాను కూకొని ఇన్నాను” అంది.  అది అవునో కాదో నాకు తెలియలేదు. మళ్ళీ అడగడానికి ధైర్యం చాలలేదు.

మిగిలిన కాగితాలు మేం ముగ్గురం రోజుకొకటి చొప్పున విప్పాం. ఎవరు గెలిచారో ఇక్కడ రాయను. పంతులుగారి అందగాడు కాదు, అంతవరకు చెప్పగలను. ఎవరికీ గాలి కొట్టే శిక్ష వెయ్యలేదు. షాపు నడుస్తోంది. వంకర చక్రాలు వస్తున్నాయి, పుల్లలు మీటి చూస్తున్నాను. మావ చెవికి వినిపించినవన్నీ నా చెవికి వినిపించవు. మూడు సార్లు విప్పి బిగిస్తే గాని తిన్నగా రావడం లేదు.

సన్యాసి మావ విద్వాంసుడు కాడు, దాత కాడు, ఆయన పేరు ఏ శిలాఫలకం మీదా లేదు. పక్కవాడి కోసం ఆగడమే ఆయన చేసిన తపస్సు. అటువంటి మనుషులు పోయినప్పుడు ఊరు వెంటనే కుంటుపడదు. ఎప్పుడో ఏ దారిలోనో చక్రం దిగబడినప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటుంది. ఆ మహానుభావుడి ఆత్మకు శాంతి కలగాలని పంతులుగారు రాయమన్నారు, రాస్తున్నాను. ఆ మాటకు సవతి మాట కల్పించే సరదా నాకిప్పుడు లేదు.

నా వరకూ తీరని లోటు ఒకటుంది. నిన్న షాపులో ఎవరో అడిగారు, మావ ఆఖరి క్షణాల్లో ఏమన్నాడని. నా నోరు అలవాటు కొద్దీ తెరుచుకొని ఏదో గొప్ప మాట కల్పించడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలయ్యాయి. వాళ్ళు తలలూపుతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు. “మరి నీలెవులు తెచ్చినారు?” అని ఎవరూ అడగలేదు. మూడో వాక్యం నాకు రాలేదు.